నల్లబాడవలో పొడి శుక్రవారం

ఈ గొడవంతా ఒక దోమ తెచ్చిపెట్టింది. అది మామూలు జనాన్ని కుట్టి ఊరుకుని ఉంటే ఏ బాధా లేకపోను. మమ్మల్ని రోజూ కుడుతూనే ఉన్నాయి, ఎవడడిగాడు? ఈ దోమకి మాత్రం పొగరెక్కి, రాజధానిలో దోమల నివారణ మీద ఉపన్యసిస్తున్న పెద్దాయన్నే, మైకు ముందు, ముక్కు మీద కుట్టింది. ఆయన మాట ఆపి ముక్కు గోక్కోవడం నలుగురూ చూశారు.

పైవారానికల్లా ఉత్తర్వు దిగింది. దాని పేరు పొడి శుక్రవారం. ప్రతి శుక్రవారం ఏ ప్రభుత్వ ఆవరణలోనూ చుక్క నీరు నిలవ ఉండరాదు. తొట్లు, కుండలు, కూలర్లు, పాత టైర్లు, కొబ్బరిచిప్పలు సమస్తం బోర్లించాలి. బోర్లించినట్టు ఫొటో తీసి పంపాలి. ఆఖర్న నల్లటి అక్షరాలతో, అనుబంధంలో పేర్కొన్నవి తప్ప మరే మినహాయింపూ లేదని రాశారు. అనుబంధం మాత్రం ఎవరికీ పంపలేదు.

మంచి ఉత్తర్వే, కాదనను. నేనూ మా క్వార్టరు వెనకున్న కొబ్బరిచిప్పలు బోర్లించి, ఫొటో తీసి పంపేశాను. అక్కడితో నా ధర్మం తీరిపోయిందనుకున్నాను, వెర్రివాణ్ణి.

నా పేరు వాసంశెట్టి గవరయ్య. అటవీశాఖలో సెక్షన్ ఆఫీసర్ని. నా సెక్షన్ నల్లబాడవ అభయారణ్యం. సముద్రానికీ కాలువ చివరికీ మధ్య పల్లంలో పడుకున్న చిత్తడి అడవి అది. అక్కడ కాలికింద ఉండేది మన్ను కాదు. ఎన్ని వేల ఏళ్ళుగానో రాలిన ఆకులూ వేళ్ళూ కొమ్మలూ నీళ్ళలో మురిగి, కుళ్ళీ కుళ్ళకుండా, నల్లగా దిబ్బకట్టిన ఊబి. తడిసి ఉన్నంతకాలం అది బాడవ. ఎండిందంటే పిడక. ఈ ముక్క అందరూ గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మా పైవాళ్ళెవరూ పెట్టుకోలేదు.

ఆ బాడవలో ఒకప్పుడు నీటికుక్కలుండేవి. తర్వాత లేకుండా పోయాయి. పోయాక వాటి సంరక్షణ కోసమని నన్ను వేశారు. లేనివాటిని చాలాకాలం శ్రద్ధగా సంరక్షించాను. ఆ సంక్రాంతి వెళ్ళాక, ఓ పొద్దుట ఓలేటి నూకరత్నం పడవ దిగి తిట్టుకుంటూ వచ్చింది. నూకరత్నం పక్కనున్న పేటలో ఉంటుంది. అడవి అంచున వల వేసుకోడానికి పర్మిట్టున్న మనిషి.

"ఏటండీ బాబూ ఇది! మీ కుక్కలు మళ్ళీ దిగడ్డాయండి. వలంతా పీలికలు చేసి కొర్రమీనుల్ని ఎత్తుకుపోయాయి. ఆటి మొహాలు మండ!"

నేను ఎగిరి గంతేశాను. ఆవిడతో పడవలో వెళ్ళి చూద్దును కదా, లోపలి దిబ్బ మీద కానుగచెట్టు వేళ్ళ కింద బొరియ. అందులోంచి తల్లి తల బయట పెట్టింది. దాని వెనక మీసాలు కూడా సరిగ్గా మొలవని పిల్లలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ. నా సొంత పిల్లలు పుట్టినప్పుడు ఆస్పత్రి వరండాలో ఇంత సంబరపడ్డానో లేదో, మా ఆవిడ చదవదు కాబట్టి చెబుతున్నాను, పడలేదు. ఈసారి వీటిని పోగొట్టుకోకూడదనుకున్నాను.

సరిగ్గా అప్పుడే జిల్లా పొడి నోడల్ అధికారి డాక్టర్ త్రివిక్రమరావు గారు తనిఖీకి దయచేశారు. తెల్లప్యాంటు, తెల్లబూట్లు, మెడలో గుర్తింపుకార్డు. కట్ట మీద నిలబడి బాడవ వంక చాలాసేపు చూశారు.

"ఏమిటిది?"

"నీళ్ళండి."

"నిలవ ఉన్నట్టున్నాయే?"

"బాడవ కదండీ. నిలవే ఉంటాయి."

"ఈ రోజు ఏ వారం?"

"శుక్రవారమండి."

ఆయన నన్ను జాలిగా చూశారు. "చూడండి గవరయ్యగారూ, ఇది ప్రభుత్వ ఆవరణ. అవునా? ఇందులో నీరు నిలవ ఉన్నది. అవునా? మరి ఇంతవరకు బోర్లించకపోవుటకు గల కారణం?"

"అడవిని ఎలా బోర్లిస్తామండీ?"

"అది సాంకేతిక అంశం. మీ శాఖ తేల్చుకోవలెను." ఆయన ఫోనులో యాప్ తెరిచారు. నీటి పాత్ర రకం ఎంచుకోమంటోంది. తొట్టి, కుండ, టైరు, కూలరు, ఇతరములు. ఆయన ఇతరములు నొక్కారు. తర్వాతి ప్రశ్న, మూత ఉన్నదా లేదా. "మూత లేదు" అని నొక్కి, నిట్టూర్చి, "కనీసం మూతైనా పెట్టించలేకపోయారా?" అన్నారు.

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది యవ్వారం. నేను మా డీఎఫ్‌ఓ విద్యుల్లత గారి దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ చదువుకున్న మనిషి, అడవంటే ప్రేమున్న మనిషి, అడవికి ఎప్పుడూ రాని మనిషి.

"గవరయ్యా, జిల్లాలో అన్ని శాఖలూ నూటికి నూరు శాతం పొడి. మనొక్కళ్ళమే తడి. నిన్న సమావేశంలో నా పేరు ఎర్రరంగులో వేశారు తెలుసా?" అన్నారు.

"మేడమ్, అది ఎండితే పిడకైపోతుందండి. నీటికుక్క పిల్లలు పెట్టింది, ఈత కూడా రాలేదింకా వాటికి."

"నేను ఎండబెట్టమన్నానా? సముద్రం వైపు తూము ఉందిగా. శుక్రవారం ఎత్తు, ఫొటో తీయి, శనివారం దించు. ఉభయతారకంగా ఉంటుంది."

ఎత్తాను. ఎత్తనని అంటే నన్నెత్తేస్తారు. నీళ్ళు బుసకొట్టుకుంటూ సముద్రంలోకి పోయాయి. శనివారం తూము దించాను. అయితే పోయిన నీళ్ళకి శనివారమని తెలియదు కదా, తిరిగి రాలేదు. మళ్ళీ శుక్రవారం, మళ్ళీ తూము.

మొదటి వారం అందరికీ పండగే. బురదలో చేపలు గిలగిల కొట్టుకుంటుంటే ఎక్కడెక్కడి కొంగలూ వచ్చి వాలాయి. నూకరత్నం తట్టల్తో ఎత్తుకుపోయింది. "ఈ వారమేదో బానే ఉందండి బాబూ, వలక్కూడా పన్లేదు" అంది. విద్యుల్లత గారు కొంగల ఫొటోలు చూసి, పొడి శుక్రవారం వల్ల పక్షుల సంఖ్య అమాంతంగా పెరిగిందని పైకి నివేదిక పంపారు. దానికి మెచ్చుకోలు కూడా వచ్చింది. ఆ తర్వాతి వారాల్లో చేపలు లేవు, కాబట్టి కొంగలూ లేవు. దాని మీద ఎవరూ నివేదిక అడగలేదు.

నీటికుక్క మాత్రం పిల్లల్ని ఒక్కొక్కదాన్నే మెడ పట్టుకుని, బీటలు వారిన బురద మీంచి ఈడ్చుకుంటూ, ఇంకా తడి మిగిలిన గుంట దగ్గరికి తీసుకెళ్ళి, చేప దొరక్క మళ్ళీ వెనక్కి తెచ్చేది. గట్టు మీద నిలబడి చూస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. నూకరత్నం కూడా తిట్టడం మానేసింది. ఓ పూట కాలువలో పట్టి తట్టలో తెచ్చిన నాలుగు గొరక చేపల్ని బొరియ ముందు గిరాటేసి, "నాకేం జాలి కాదండి, కుళ్ళిపోయినియ్యి" అంది. అవి ఇంకా కదులుతున్నాయి.

ఎండలు ముదిరాయి. అనుకున్నట్టే బాడవ పిడకైంది. ఏ బీడీముక్క పడిందో, ఏ అద్దంపెంకు మెరిసిందో తెలియదు గానీ పడమర వైపు నేల్లోంచి పొగ లేచింది. మంట లేదు. నేలకింద నుంచి కుంపటి రాజుకున్నట్టు పొగే. కాలు పెడితే చెప్పు అడుగు కరిగింది.

ఫైరింజను వచ్చింది. స్టేషన్ ఆఫీసరు దిగి చుట్టూ చూసి, "మంట ఎక్కడుంది?" అన్నాడు.

"కింద ఉందండి."

"కింద అంటే?"

"నేల లోపల."

"నేల లోపలిది మాకు రాదండి. భూగర్భశాఖో, గనులశాఖో చూడాలి. పైకొచ్చాక ఫోన్ చెయ్యండి." పోతూ పోతూ మొహమాటపడ్డాడు, మంచివాడే. "పోనీ వచ్చాం కాబట్టి ఓ ట్యాంకు కొడతాను. నీళ్ళెక్కడున్నాయి?"

"లేవండి."

"ఇంత చిత్తడి అడవిలో ట్యాంకు నీళ్ళు లేవా?"

"ఇవాళ శుక్రవారమండి."

అతను టోపీ తీసి తల గోక్కుని, మళ్ళీ పెట్టుకుని, ఇంజనెక్కి వెళ్ళిపోయాడు.

పొగ చుట్టుపక్కల పేటలన్నీ కమ్మేసింది. జనం దగ్గుతూ కళ్ళు తుడుచుకుంటున్నారు. నిప్పు నేలకింద నుంచి పాకుతూ కానుగదిబ్బ వైపే వస్తోంది. పొద్దున వేడిగా ఉన్న చోటుకి సాయంత్రం ఇంకాస్త ఇవతల వేడిగా ఉంటోంది. పైనుంచి ఎవరైనా వస్తే బాగుండునని నేను ఎదురు చూస్తుంటే త్రివిక్రమరావు గారు వచ్చారు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, దగ్గుతూ, కళ్ళలో నీళ్ళతో. ఆ నీళ్ళు చూసి, ఈయనకీ మనసుంది పాపం అనుకున్నాను.

"గవరయ్యగారూ," ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపేశారు, "అద్భుతం!"

"ఏదండీ?"

"ఈ ప్రాంతంలో దోమల సాంద్రత సున్నా! సున్నా అండీ! మేము యంత్రాలు పెట్టి వీధివీధినా పొగ కొట్టించినా సాధించలేనిది మీరు నిశ్శబ్దంగా సాధించారు. సహజ ధూమ ప్రక్రియ! యంత్రము లేదు, మందు లేదు. ఇది ఆదర్శ నమూనాగా పైకి పంపుతున్నాము."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికొకడు. ఈయన చుట్ట కూడా వెలిగించుకుని ప్రశంసాపత్రం ఇస్తున్నాడు.

"సార్, అది తగలబడిపోతోందండి. కాలితే మళ్ళీ మన మనవల మనవలకి కూడా పుట్టదండి ఆ ఊబి. కానుగ కింద నీటికుక్క పిల్లలున్నాయి."

"ఆందోళన చెందవలసిన అవసరం లేదు," అన్నారాయన దయగా. "ధూమము ఆరిపోకుండా నిరంతరం పర్యవేక్షించు బాధ్యత మీకే అప్పగిస్తూ రేపే ఉత్తర్వులిస్తాము. తద్వారా మీకు మంచి పేరు."

ఇచ్చారు. అడవి తగలబడకుండా చూడమని జీతమిచ్చే నాకు, ఆరిపోకుండా చూడమని ఉత్తర్వు. దాన్ని పట్టుకుని ఆయన ఆఫీసుకే వెళ్ళాను, కాళ్ళ మీద పడదామని. ఆయన లేరు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. నా ఎదురుగా సిమెంటు తొట్టి, అంచుదాకా నీళ్ళు. మూత లేదు, బోర్లించలేదు, పైగా ఆరోజు శుక్రవారం.

"ఇదేంటండీ?" అన్నాను అటెండరుతో.

"అదా, దోమచేపల తొట్టండి. దోమపిల్లల్ని తింటాయి కదా, చెరువుల్లో వదలడానికి ఇక్కడ పెంచుతాం. దీనికి మినహాయింపుంది, అనుబంధంలో."

లేచి నుంచున్నాను. అనుబంధం అడిగి చదివాను. దోమలను భక్షించు చేపల పెంపక తొట్లకు పై నిబంధన వర్తించదు. అట్టి తొట్లలో నీరు సదా నిండుగా ఉంచవలెను. తొట్టి పరిమాణం గురించి ఒక్క ముక్క లేదు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

త్రివిక్రమరావు గారు రాగానే నిలబడే చెప్పాను. "సార్, మన జిల్లాకి రాష్ట్రంలోకెల్లా పెద్ద దోమచేపల తొట్టి కట్టించే భాగ్యం కలిగితే ఎలా ఉంటుందండి? కట్టే పని కూడా లేదు. కట్ట ఉంది, తూముంది, పల్లముంది. కాలువ నీళ్ళు వదిలితే చాలు."

ఆయన కళ్ళజోడు తీశారు. "రాష్ట్రంలోకెల్లానా?"

"దేశంలోనేమో కూడా అండి."

"మరి ధూమము?"

"పొగ దోమని చంపుతుందండి. చేప దోమ పుట్టకముందే తినేస్తుంది. ముందుచూపు చేపదే కదండీ."

ఆయన కాసేపు కిటికీలోంచి చూశారు. ఆ కిటికీలో ఆయనకు శిలాఫలకం కనపడి ఉంటుంది. యుద్ధప్రాతిపదికన అన్నారు. నిజంగానే యుద్ధంలాగే జరిగింది. ఫోన్లు మోగాయి, లాకులెత్తారు, కాలువ నీళ్ళు బాడవలోకి దూకాయి. కాలిన నేల మీద నీళ్ళు పడి చుయ్యిమంటుంటే, ఆవిరి లేస్తుంటే, నేను మోకాలిలోతు బురదలో నిలబడి పసిపిల్లాడిలా ఏడ్చేశాను. నిప్పు కానుగదిబ్బ దాకా వచ్చి అక్కడ చచ్చింది. చెట్టుకి ఒక పక్క వేళ్ళు మాడిపోయాయి, రెండో పక్క బొరియ ఉంది. తల్లి పిల్లల్ని నీళ్ళలోకి తోసి ఈత నేర్పడం మొదలుపెట్టింది.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. అభయారణ్యం బోర్డు పీకి, "జిల్లా దోమచేపల మహాతొట్టి" అని కొత్తది పాతారు. ముఖ్య అతిథి ప్లాస్టిక్ కవరు ముడివిప్పి దోమచేపల్ని నీళ్ళలోకి వంపారు. వంపుతుండగానే కాలువలోంచి వచ్చిన కొర్రమీనులు తలలెత్తి వరసకట్టాయి. చప్పట్లు ఆగేలోపు ఆ చేపలు లేవు.

"ఇంతమంది కలిసి కొర్రమీనులకి టిపినీ తెచ్చారేటండి బాబూ?" అని నా చెవిలో గొణిగింది నూకరత్నం.

నేను నోరు మూసుకోమన్నాను. లోపల మాత్రం హాయిగా ఉంది. ఆ దోమచేపలు బతికి ఉంటే కప్పగుడ్లతో సహా ఊడ్చేసేవి.

సుఖం ఎన్నాళ్ళో నిలవదు కదా. తొట్టి అన్నాక నిల్వ తనిఖీ ఉంటుంది. తనిఖీ బృందం వచ్చి వలేసింది. కొర్రమీను పడింది, మట్టగిడస పడింది, జెల్ల పడింది, ప్రభుత్వ చేప ఒక్కటీ పడలేదు. ఆ సమయానికే మా నీటికుక్క పిల్లలతో సహా ఒడ్డుకొచ్చి, ఇంత కొర్రమీనుని రెండు చేతుల్తో పట్టుకుని, వాళ్ళ కళ్ళ ముందే కరకరలాడించింది.

దొంగ దొరికింది. ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ చేపలకు నష్టము కలిగించుచున్న నీటికుక్కలను పట్టి, జిల్లాకేంద్రంలోని జంతుశాల బోనుకు తరలించవలెను. పోయినేడు పక్క జిల్లాలో పట్టిన నీటికుక్క ఆ బోనులోనే తిండి మానేసి చచ్చిపోయింది. ఆ సంగతి జిల్లాలో అందరికీ తెలుసు.

డీఎఫ్‌ఓ గారి గదిలో గొంతు పెంచాను, ఉద్యోగంలో మొదటిసారి. "మేడమ్, అది వన్యప్రాణండి! చట్టం ఉంది!"

"వన్యప్రాణి వనంలో ఉంటేనయ్యా," అన్నారావిడ నీరసంగా. "వనాన్ని తొట్టిగా మార్పించింది ఎవరు? నువ్వే. తొట్టిలో ఉన్నదాన్ని నేనేమని కాపాడను?" గొంతు తగ్గించి, "సహజన్యాయం ప్రకారం ముందు నోటీసివ్వాలి. ఆ పద్ధతి సరిగ్గా పాటించు. నేను చెప్పగలిగింది అంతే" అన్నారు.

పద్ధతి పాటించాను. ఉదయాన్నే నూకరత్నాన్ని సాక్షిగా తీసుకుని కానుగదిబ్బకి వెళ్ళి, బొరియ ముందు నిలబడి, నోటీసు పైకి చదివాను.

"నల్లబాడవ మహాతొట్టిలో అనధికారికముగా నివసించుచున్న నీటికుక్కలకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మీరు ప్రభుత్వ చేపలను భక్షించుచున్నట్లు విశ్వసించుటకు తగిన ఆధారములు కలవు. ఏడు దినములలో సంజాయిషీ సమర్పించని యెడల..."

తల్లి సగం నీళ్ళలోంచి లేచి శ్రద్ధగానే విన్నది. పిల్లలకి అంత ఓపిక లేదు. ఒకటి వచ్చి నా బూటు లేసు పట్టుకు లాగుతోంది. ఇంకొకటి నూకరత్నం కాలివేలు వాసన చూస్తోంది. ఆవిడ కాలు తీయలేదు.

"ఇయ్యి నోటీసు పుచ్చుకోకపోతే ఏం చేత్తారండి?" అంది.

"ఇక్కడ మూడు గళ్ళున్నాయి. అందుకున్నారు, నిరాకరించారు, సదరు చిరునామాలో లేరు. ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి."

మొదటి రెండింట్లో దేనికి పెట్టినా బోను ఖాయం. మిగిలింది ఒక్క గడి. అది పెట్టానంటే, ఇన్నేళ్ళూ ఎదురు చూసి చూసి, నా కళ్ళతో చూసి, నా కష్టంతో నిలబెట్టుకున్నవాటిని లేవని నా చేత్తో రాసినట్టు. పెట్టాను. కింద వివరంగా కూడా రాశాను. ఈ ఆవరణ యావత్తూ గాలించడమైనది, నీటికుక్కలు గానీ, వాటి పిల్లలు గానీ, వాటి ఆనవాళ్ళు గానీ లేవు. తనిఖీ బృందం చూసినది ముంగిస అయి ఉండును. సంతకం పెడుతుంటే కాగితం మసకగా కనపడింది.

"నువ్వేమంటావ్ నూకరత్నం? సాక్షివి."

"నేనా? నేనెప్పుడూ చూళ్ళేదండి అట్టాంటి జంతువుల్ని," అంది, కాలి మీదున్నదాన్ని మునివేళ్ళతో నిమురుతూ. "మా తాతలు చెప్పుకునేవోరు." వేలిముద్ర వేసింది.

పైనుంచి జవాబు ఇంత తొందరగా ఎప్పుడూ రాలేదు. నీటికుక్కలు లేవని ధ్రువీకరించినందుకు అభినందనలు. తరలింపు ఉత్తర్వు రద్దు. ప్రభుత్వ చేపలను ముంగిసలు తిన్నట్లు నమోదు. చేపలు మిగలనందున తొట్టికి నిల్వ తనిఖీలు ఇక అవసరం లేదు, నీరు మాత్రం సదా నిండుగా ఉంచవలెను. నీటికుక్కలు లేనందున, వాటి సంరక్షణ కొరకు ఏర్పరచిన సెక్షన్ ఆఫీసరు పోస్టు కూడా రద్దు. సదరు గవరయ్యను కలప డిపోకు బదిలీ చేయడమైనది.

సామాను ఆటోలోకి ఎక్కిస్తుంటే నూకరత్నం గట్టు మీదికి వచ్చింది. ఎండుచేపల పొట్లం నా చేతిలో పెట్టింది.

"మరి రేపట్నించి ఈటిని చూసుకోడానికి ఎవరొత్తారండి బాబూ?"

"ఎవరూ రారు నూకరత్నం. కాయితాల మీద ఇక్కడ ఏమీ లేదు. డాక్టరుగారు రారు, మా మేడం రారు, తనిఖీవాళ్ళు రారు. ఇటువైపు ఇక ఎవ్వరూ తొంగిచూడరు."

ఆవిడ గుండెల మీద చెయ్యేసుకుని, అంత ఊపిరీ ఒక్కసారి వదిలింది.

"అమ్మయ్య! అయితే బతికిపోతాయండి."